ముత్యానికి వినబడదు

మా ఇంటికి కొత్తగా వచ్చినవాళ్ళు కుక్కని చూసి అడిగే ప్రశ్నలు మూడు. "కరుస్తుందా?" మొదటిది. "ఏం బ్రీడు?" రెండోది. "ఎంత పెట్టి కొన్నారు?" మూడోది. కరవదు, ఆస్ట్రేలియన్ షెపర్డ్, కొనలేదు దత్తత తీసుకున్నాం అని నేను వరసగా చెప్పేస్తాను. ఈలోగా వాళ్ళలో ఎవరో ఒకరు చిటికెలు వేస్తూ దాన్ని పిలుస్తుంటారు. అది ఏమీ పట్టనట్టు గోడవైపు చూస్తూ కూర్చుంటుంది. "అబ్బో, దీనికి పొగరండీ" అంటారు. అప్పుడిక చెప్పక తప్పదు. దానికి పుట్టుచెవుడు, ఎడమ కన్ను కూడా కనబడదు. కాసేపు ఎవరూ మాట్లాడరు. తర్వాత వచ్చే నాలుగో ప్రశ్న మాత్రం గొంతు తగ్గించి అడుగుతారు. "తెలిసే తీసుకున్నారా?"

తెలిసే తీసుకున్నాం. ఆ మాటకొస్తే ఇంత తెలిసి నేను జీవితంలో ఇంకేదీ తీసుకోలేదు. ఇల్లు కొన్న ఆరు నెలలకి ఇన్‌స్పెక్షన్ రిపోర్టులో లేని చెమ్మ గోడమీద కనబడింది. ప్రాజెక్టుల సంగతి మన కన్సల్టెంట్లకి వేరే చెప్పాలా, ఇంటర్వ్యూలో చెప్పేది ఒకటి, చేరాక చూపించేది ఇంకొకటి. ముత్యం విషయంలో మాత్రం దాని లోపాలన్నీ ఆరు పేజీల్లో చేత్తో రాసి మా చేతిలో పెట్టారు. "నిద్రలో ఉండగా ముట్టుకుంటే ఉలిక్కిపడుతుంది. ఎడమ పక్కనుంచి వెళ్తే భయపడుతుంది. చీపురంటే పడదు, ఎందుకో తెలియదు. పెరుగు ఇష్టం. చీకట్లో మెట్లు దిగదు." ఇరవై ఏళ్ళకి పైగా సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాను. ఇంత నిజాయితీ గల డాక్యుమెంటేషన్ ఎక్కడా చూడలేదు.

ఆ ఆరు పేజీలు రాసింది మా డాలస్‌కి ఉత్తరాన డెంటన్ వైపు ఉండే ఒక పెద్దావిడ. స్కూలు బస్సు నడిపి రిటైరైంది. ఆవిడది ఫోస్టర్ హోమ్. మనవాళ్ళలో చాలామందికి ఈ ఏర్పాటు గురించి తెలియదు కాబట్టి కాస్త చెబుతాను. కుక్కని తెచ్చుకోవాలంటే పెంపకందారు దగ్గర కొనుక్కోవడం, లేకపోతే షెల్టర్‌కి వెళ్ళి బోనులో ఉన్నవాటిలో ఒకదాన్ని ఎంచుకోవడం, ఈ రెండే దారులు అనుకుంటాం. మూడో దారి ఉంది. రెస్క్యూ సంస్థలు షెల్టర్లలో చోటులేక, జబ్బు చేసో అవకరం ఉండో ఎవరూ తీసుకోని కుక్కల్ని బయటికి తెచ్చి, మామూలు మనుషుల ఇళ్ళలో ఉంచుతాయి. మందుల ఖర్చు, తరచు తిండి ఖర్చు కూడా సంస్థదే. చాకిరీ మాత్రం ఆ ఇంటివాళ్ళది. దత్తతకి ఎవరైనా దొరికేదాకా అది వాళ్ళింట్లో పిల్లలాగే తిరుగుతుంది. బోనులో ఉన్న కుక్క ఎలాంటిదో ఎవరూ చెప్పలేరు, భయంలో ఉన్న జీవి తన అసలు గుణం చూపించదు కదా. ఎనిమిది నెలలు ఒకరి సోఫా కింద పడుకున్న కుక్క గురించి మాత్రం వాళ్ళకి తెలియనిదంటూ ఉండదు.

ముత్యం అక్కడికి ఎలా చేరిందో చెప్పాలంటే కాస్త జన్యుశాస్త్రంలోకి వెళ్ళాలి. ఈ జాతిలో మెర్ల్ అని ఒక రంగుంది. బూడిదరంగు మీద నల్లమచ్చలు చల్లినట్టు చూడముచ్చటగా ఉంటుంది. దానికి గిరాకీ ఎక్కువ. ఆ రంగు ఎలా వస్తుందో 2006లో మన టెక్సాస్ ఎ అండ్ ఎం యూనివర్సిటీ వాళ్ళే కనిపెట్టారు. అప్పట్లో సిల్వ్ అని, ఇప్పుడు పీమెల్ అని పిలిచే జన్యువు మధ్యలో ఒక డిఎన్‌ఎ తునక వచ్చి దూరుతుంది. మా భాషలో చెప్పాలంటే నడుస్తున్న ప్రోగ్రాము మధ్యలో ఎవరో నాలుగు లైన్లు అతికించి వెళ్ళిపోయారన్నమాట. ఒక్క కాపీ ఉంటే అందమైన రంగు. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండూ వస్తేనే చిక్కు. ఒంటిమీద రంగు చాలావరకు పోయి పిల్ల తెల్లగా పుడుతుంది. రంగుకణాలు చర్మానికే కాదు, లోపలి చెవికి కూడా అవసరం. అక్కడ అవి లేకపోతే శబ్దాన్ని పట్టే సన్నని కణాలు పుట్టిన కొద్ది వారాల్లోనే చచ్చిపోతాయి. కళ్ళు కూడా సరిగ్గా ఎదగకపోవచ్చు. అలాగని తెల్లగా పుట్టినవన్నీ చెవిటివి కావు. 2009లో లూసియానా స్టేట్ యూనివర్సిటీవాళ్ళు ప్రచురించిన అధ్యయనంలో రెండు కాపీలున్న కుక్కల్లో నాలుగింట ఒకదానికి ఒక చెవో రెండు చెవులో పనిచేయలేదని తేలింది.

మెర్ల్‌ని మెర్ల్‌తో జత కట్టిస్తే సగటున నాలుగు పిల్లల్లో ఒకటి ఇలా పుడుతుందని ఇప్పుడు ఈ రంగంలో ఉన్న ఎవరికైనా తెలుసు. అయినా కట్టిస్తారు, మిగతా పిల్లలు మంచి ధర పలుకుతాయి కాబట్టి. తెల్లగా పుట్టినదాన్ని ఏం చేస్తారన్నది ఆ మనిషిని బట్టి ఉంటుంది. ఒకప్పుడైతే చెవిటి పిల్లల్ని పుట్టగానే చంపేయడమే మంచిదని పేరున్న పెంపకందార్లే సలహా ఇచ్చేవారు. మాదాన్ని ఎవరో ఒక షెల్టర్ గుమ్మంలో అట్టపెట్టెలో వదిలేసి పోయారు. దానికి చెవుల పరీక్ష చేయించిందీ ఆ పెద్దావిడే. బేర్ పరీక్ష అంటారు. చెవుల దగ్గరా నెత్తిమీదా సన్నని సూదులు గుచ్చి, చెవిలోకి టిక్కుటిక్కుమని శబ్దం పంపి, మెదడు స్పందిస్తోందో లేదో గీతల్లో చూస్తారు. వినబడే చెవికి అలలు వస్తాయి. ముత్యం కాగితం మీద రెండూ తిన్నని గీతలే.

మా ఇంట్లో దీనికంతటికీ మూలం మా అమ్మాయి. హైస్కూలు వాలంటీరు గంటల కోసం షెల్టర్‌కి వెళ్ళడం మొదలుపెట్టి, గంటలు పూర్తయ్యాక కూడా మానలేదు. నాకు పెద్దగా అభ్యంతరం లేదు. అసలు సమస్య మా ఆవిడది. తొమ్మిదేళ్ళప్పుడు నరసరావుపేటలో వీధికుక్క కరిచి, బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజెక్షన్లు చేయించుకుంది. ఆ పాతకాలపు టీకా మందు తర్వాత మన దేశంలో ఆపేశారు గానీ, చేయించుకున్నవాళ్ళ భయం ఆగదు కదా. పార్కులో కుక్క ఎదురైతే ఇప్పటికీ నా వెనక్కి వచ్చేస్తుంది. "చూడ్డానికి వస్తాను, అంతే" అంది.

2022 సెప్టెంబరులో మొదటిసారి వెళ్ళాం. మా ఆవిడ కారు దిగలేదు. నేనూ అమ్మాయీ లోపల గంటసేపు కూర్చున్నాం. పెద్దావిడ కిటికీలోంచి కారువైపు చూసి, తడుముకోకుండా చెప్పింది. "మీ ఇంట్లో మీరంతా నాకు నచ్చారు. కానీ మీ ఆవిడ కారు దిగేదాకా ఈ కుక్క మీ ఇంటికి రాదు." మా అమ్మాయి ముఖం మాడిపోయింది. నాకూ మనసులో కష్టంగానే అనిపించింది, అప్లికేషన్ నింపి, వెటర్నరీ డాక్టరు పేరిచ్చి, ఫెన్స్ ఎత్తు కొలిచి ఫోటోలు పంపించి, ఇంతదాకా వచ్చాక ఇదేమిటని. ఇంటికొచ్చే దారిలో మా ఆవిడ మాత్రం "ఆవిడన్నదాంట్లో తప్పేముంది? భయపడే మనిషి దగ్గర ఆ కుక్కేం సుఖపడుతుంది?" అంది.

రెండోసారి వాకిట్లో కుర్చీ వేయించుకుని కూర్చుంది. మూడోసారి ముత్యం తనంతట తాను వచ్చి, దానివైపు వీపు పెట్టి కూర్చుని, కాళ్ళకి ఆనుకుంది. చెవిటి కుక్కలు చాలావరకు ఇలా ఆనుకుంటాయట, మనం కదిలితే తెలియడానికి. మా ఆవిడ రెండు చేతులూ పైకెత్తి అలా పది నిమిషాలు కూర్చుంది. పదకొండో నిమిషంలో ఒక చెయ్యి కిందికి దింపింది. అక్టోబరులో కాగితాల మీద సంతకాలు పెట్టాం. ఆ ఒప్పందంలో ఒక షరతు ఉంటుంది, కొత్తగా తీసుకోబోయేవాళ్ళు అది శ్రద్ధగా చదవాలి. ఎప్పుడైనా పెంచుకోలేని పరిస్థితి వస్తే ఇంకొకరికి ఇచ్చేయడానికి లేదు, సంస్థకే తిరిగి అప్పగించాలి.

అక్కడ దాని పేరు పర్ల్. మేము ముత్యం అన్నాం. వినబడని కుక్కకి పేరు మార్చడమెందుకని మా తమ్ముడు ఫోన్లో నవ్వాడు. పేరు దానికోసం కాదురా, మనకోసం.

ఇక అమ్మ. ఆరు నెలలు ఇక్కడ నా దగ్గర, ఆరు నెలలు విజయవాడలో తమ్ముడి దగ్గర ఉంటుంది. కుక్క వస్తోందని చెప్పినప్పుడు కాఫీ గ్లాసు పక్కన పెట్టి "ఇంట్లోకా?" అని మాత్రం అడిగింది. నేను భారతం ఎత్తుకున్నాను. ఆదిపర్వంలో సరమ శాపం, చివర్లో ధర్మరాజు వెంట నడిచిన కుక్క, ఎక్కడ చూసినా కుక్క గౌరవమే కదమ్మా అన్నాను. "ఆ కుక్క వెంట నడిచింది. ధర్మరాజు సోఫా మీద పడుకోలేదు" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు. చివరికి దేవుడి గదిలోకీ వంటింట్లోకీ రాకూడదన్న షరతు మీద ఒప్పుకుంది. వంటింటి హద్దులో నేలమీద నీలం టేపు అతికించాం. అరచెయ్యి నిలువుగా చూపిస్తే ఆగాలని పెద్దావిడ అప్పటికే నేర్పింది. అమ్మ టేపుకి అవతల నిలబడి ట్రాఫిక్ పోలీసులా చెయ్యి చూపించేది. నాలుగు రోజుల్లో కుక్క నేర్చుకుంది. మా పిల్లలకి చెప్పులు బయట విప్పడం నేర్పడానికి నాలుగేళ్ళు పట్టింది.

వంటింట్లోకి రాకపోవడం ఇంకో రకంగా కూడా మంచిదైంది. ఉల్లి, వెల్లుల్లి కుక్కల రక్తకణాల్ని దెబ్బతీస్తాయి. ద్రాక్ష, ఎండుద్రాక్ష మూత్రపిండాల్ని పాడుచేస్తాయి. ఇవి అందరూ చెప్పేవే. మన ఇళ్ళకి ముఖ్యమైన సంగతి ఇంకోటుంది. ద్రాక్షలో కుక్కలకి విషమయ్యేది ఏమిటో ఎన్నో ఏళ్ళు అంతుబట్టలేదు. 2021లో జంతువిష నిపుణులు టార్టారిక్ ఆమ్లమే కారణం కావచ్చని తేల్చారు. చింతపండు తిని మూత్రపిండాలు దెబ్బతిన్న కుక్కల కేసులు కూడా వాళ్ళకి ఆధారమయ్యాయి. చింతపండులో ఆ ఆమ్లం దండిగా ఉంటుంది. పులిహోర, పప్పుపులుసు, చారు, పాయసంలో కిస్‌మిస్, చట్నీలో వెల్లుల్లి! తెలుగు వంట మొత్తం కుక్కకి నిషిద్ధమే అన్నంత పనైంది. తాలింపు వేయని పెరుగన్నం రెండు ముద్దలు తప్ప. అవి అమ్మ చేతి మీదుగా, టేపుకి ఇవతల.

వినబడని కుక్కతో రోజూ ఎలాగని అడుగుతారు. పగలు సైగలు. బొటనవేలు పైకెత్తితే శభాష్, రెండు చేతులూ గుండెకేసి తిప్పితే రా. నిద్ర లేపాలంటే ముక్కు దగ్గర చెయ్యి పెట్టాలి, వాసనకి లేస్తుంది. లేవగానే ఏదో ఒక తినుబండారం పెట్టాలి, అప్పుడు లేపడమంటే భయం పోతుంది. దూరంగా ఉంటే నేలమీద గట్టిగా కాలు తట్టాలి. పెరట్లో ఉంటే వాకిలి లైటు రెండుసార్లు వేసి ఆర్పాలి. తాడు లేకుండా బయటికి ఎప్పుడూ తీసుకెళ్ళకూడదు, ఇందులో మినహాయింపు లేదు. ముక్కు గులాబీరంగులో ఉంటుంది కాబట్టి టెక్సాస్ ఎండలకి కాలిపోతుంది. నీడ ఉన్న వేళ చూసుకుని తిప్పాలి. వెరసి ఇదంతా రోజుకి ఇరవై నిమిషాల అదనపు పని. లాభం కూడా ఉందండోయ్. జులై నాలుగున ఊళ్ళో కుక్కలన్నీ బాణసంచాకి మంచాల కింద దూరి వణుకుతుంటే మాది వెల్లకిలా పడుకుని గురక పెడుతుంది. దీపావళికీ అంతే.

ఆ గురక నిద్రే ఒకసారి మమ్మల్ని ఏడిపించింది.

2024 మే 28 తెల్లవారుజామున డాలస్ మీద విరుచుకుపడిన గాలివాన ఇక్కడివాళ్ళెవరూ మరిచిపోయి ఉండరు. లక్షల ఇళ్ళకి కరెంటు పోయింది, కొన్నిచోట్ల రోజుల తరబడి రాలేదు. మా ఇంట్లో మేమంతా ఉరుములకి లేచాం. పై గదిలో కిటికీ పగిలి నీళ్ళు వస్తుంటే అందరం అక్కడికి పరిగెత్తాం. ముత్యం కింద లాండ్రీ గదిలో నిద్రపోతోంది. గాలి తోపుకి గరాజు పక్క తలుపు గడియ ఊడి తెరుచుకుంది. ఆ చప్పుడు మాకూ వినబడలేదు, అంత హోరు. చల్లటి జల్లు ఒంటిమీద పడి అది లేచినట్టుంది. మేం దిగేసరికి పక్క ఖాళీగా ఉంది, తలుపు బార్లా తీసి ఉంది.

పేరు పెట్టి పిలవలేం. వాకిలి లైటు వెయ్యలేం, కరెంటు లేదు. ఇంటికి మూడు వీధుల అవతల నలభై మైళ్ళ వేగంతో కార్లు పోయే రోడ్డుంది, ఆ రోజు దానిమీద సిగ్నళ్ళు కూడా లేవు. హారను కొట్టినా వినబడని కుక్క, ఎడమ పక్కనుంచి వచ్చే కారు కనబడని కుక్క.

పెద్దావిడకి ఫోన్ చేశాను. ఆవిడ కంగారుపడలేదు. బస్సులో పిల్లల్ని లెక్కపెట్టే గొంతుతో ఒకదాని తర్వాత ఒకటి చెప్పింది. "పరిగెత్తకండి, వెంటపడితే అది ఇంకా దూరం పోతుంది. రోజూ ఏ దారిన తిప్పుతారో ఆ దారినే వెళ్ళండి, దానికి తెలిసిన వాసన అదే. కారు దీపాలు వేసి ఆర్పుతూ నెమ్మదిగా నడపండి. దాని పక్కబట్ట గుమ్మంలో పెట్టండి. ఒకరు ఇంట్లోనే ఉండండి. కనబడితే దగ్గరికి పోకండి, కుడిపక్క కనబడేటట్టు కూర్చోండి. నేను బయల్దేరుతున్నాను."

అమ్మ ముత్యం పక్కబట్టతో పాటు తను కట్టి విప్పిన చీర కూడా తెచ్చి గుమ్మంలో పరిచి, పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుంది. అమ్మాయీ నేనూ కారులో. మా ఆవిడ ఏదని చూస్తే, గొడుగు పట్టుకుని ఆ పెద్దరోడ్డు మలుపులో నిలబడి ఉంది. వచ్చే ప్రతి కారుకీ చెయ్యి అడ్డంపెట్టి ఆపి, తెల్లకుక్క, చెవులు వినబడవు, మెల్లగా పొండి అని చెబుతోంది. ఎవరూ విసుక్కోలేదు. ఒకాయన కారు పక్కకి పెట్టి తనూ దిగాడు.

నలభై నిమిషాల తర్వాత చెరువు గట్టున కనబడింది. మా కాలనీలో వాననీళ్ళ కోసం తవ్విన చిన్న చెరువది, రోజూ సాయంత్రం అటే వెళ్తాం. ఒళ్ళంతా బురద, తోక కాళ్ళ మధ్యకి. నాకు పరిగెత్తి పట్టుకోవాలనే ఉంది. కారు ఆపి, గాలి నామీదుగా దానివైపు వీచేటట్టు చుట్టూ తిరిగి వెళ్ళి, తడిగడ్డిలో కూర్చున్నాను. రెండు చేతులూ గుండెకేసి తిప్పాను. అది చూసింది. కదల్లేదు. మళ్ళీ తిప్పాను. ఎన్నిసార్లు తిప్పానో గుర్తులేదు. మొదట ముక్కెత్తింది, తర్వాత ఒక అడుగు, తర్వాత ఒక్క పరుగున వచ్చి నా ఒళ్ళో పడింది. పడిన చెట్ల మధ్యగా దారి వెతుక్కుంటూ పెద్దావిడ మా ఇల్లు చేరేసరికి ముత్యం అమ్మ చీర మీద పడుకుని ఉంది. సోఫా సంగతి అమ్మ ఆ తర్వాత ఎత్తలేదు. మరుసటి వారం ఆ తలుపుకి కొత్త గడియ, ముత్యం మెడకి జీపీఎస్ పట్టీ వచ్చాయి.

నిరుడు మా క్లయింటు వారానికి నాలుగు రోజులు ఆఫీసుకి రమ్మన్నాడు. అమ్మ ఇక్కడ లేని ఆరు నెలలు ఎలాగని కొన్నాళ్ళు తలపట్టుకున్నాం. ఒప్పందంలోని ఆ షరతు రెండుమూడు రాత్రులు నిద్రపట్టనివ్వలేదు. మా ఆవిడ తన ఆఫీసులో మాట్లాడి మంగళ, గురువారాలు ఇంటినుంచి చేసేలా మార్చుకుంది. మిగతా రెండు రోజులూ పక్కింటి కాలేజీ కుర్రాడు మధ్యాహ్నం వచ్చి తిప్పుతాడు, గంటకి పదిహేను డాలర్లు. ఇండియా వెళ్ళినప్పుడు మాత్రం బోర్డింగులో వదలం. డెంటన్‌లో దింపుతాం. అక్కడ సోఫా కింద దాని చోటు దానికి ఇంకా గుర్తుంది. వచ్చేటప్పుడు పెద్దావిడకి ఆవకాయ తెస్తాం, గుడ్డుతో కలిపి తింటుందట.

ఈ సంక్రాంతికి ఎప్పటిలాగే మా ఇంట్లో భోజనాలు. వచ్చేవాళ్ళకి ఒకటి రెండు మనవులు. బెల్లు మాకోసం కొట్టండి, ముత్యం కోసం గుమ్మం పక్కన లైటు స్విచ్చి ఉంది, రెండుసార్లు నొక్కండి. దాని కుడిపక్కనుంచి రండి. పిల్లలు భయపడితే మా ఆవిడ పక్కన కూర్చోబెట్టండి, ఏం చెయ్యాలో తనకి తెలుసు. పులిహోర పళ్ళెం మాత్రం దయచేసి కింద పెట్టకండి.